రాణికి కొత్త పేరు

ఆ పొద్దున నేల తుడవడం అది మూడోసారి. సోఫా వెనక మూలలో, గోడ వారగా పారిన తడి. బక్కెట్టు, ఫినాయిలు, పాత తువ్వాలు ముక్క పెట్టుకుని నేను మోకాళ్ళ మీద కూర్చుంటే, కుక్క గోడకు అతుక్కుపోయి, తల వంచుకుని, కళ్ళు మాత్రం పైకెత్తి నన్ను చూస్తోంది. తప్పు దానిది కాదు. మా ఆయన బూట్లు వేసుకుంటూ "రాణీ, ఇలా రా" అని ముద్దుగానే పిలిచారు. పిలవగానే అది నిలబడ్డ చోటే తడిపేసింది. "ఇదేంటి దీనికి" అని ఆయన నవ్వి, తడి దాటుకుని, పనికి వెళ్ళిపోయారు.

వచ్చిన దగ్గర్నుంచీ ఇదే వరస. దాన్ని తెచ్చింది ఆయనే. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఒక అపార్టుమెంటుకి పని మీద వెళ్తే, అక్కడి వాచ్‌మన్ ఉద్యోగం మానేసి పోతూ ఈ కుక్కని మెట్ల కింద గొలుసుతో కట్టేసి పోయాడట. ఆరేళ్ళ కుక్క, గోధుమరంగుది, మెడ కింద తెల్లటి మచ్చ, వాచ్‌మన్ పెట్టిన పేరు రాణి. "పాపం అనిపించింది, తీసుకొచ్చేశాను" అన్నారు గుమ్మంలో నిలబడి. పదిహేడేళ్ళ మా అమ్మాయి చిన్నపిల్లలా గంతులేసింది. ఆ అపార్టుమెంటు వాళ్ళు ఫోన్లు చేసి మరీ ఆయన మనసు వెన్న అన్నారు. జాలి ఆయనది, చాకిరీ నాది. పొద్దున్నే అందరికంటే ముందు లేచి దాన్ని వీధిలో తిప్పడం, పేలు ఏరడం, వెంట్రుకలు ఊడ్చడం, మా అత్తయ్య మంచం దగ్గరికి పోకుండా కాపలా కాయడం, ఆ తర్వాత వంట, డబ్బాలు సర్దడం, ఆ తర్వాత నా ఉద్యోగం. నీకు వీలవుతుందా అని అడగాలని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే, అడగలేదన్న సంగతి నాకూ వారం దాకా తట్టలేదు.

సాయంత్రం పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ దాని పక్కటెముకలు తడిమి, ఒకచోట వేలు ఆపి, ఇక్కడెప్పుడో విరిగి అతుక్కుందని చెప్పింది. పేరు పిలిస్తే తడిపేస్తోందంటే ఆవిడకి ఆశ్చర్యం కలగలేదు. "ఆ పేరు పిలిచినప్పుడల్లా దెబ్బ పడుంటుందండీ. దానికి అది పేరు కాదు, కర్ర. మార్చెయ్యండి. పెద్దదైనా ఫరవాలేదు, నెల రోజుల్లో నేర్చుకుంటుంది. కొత్త పేరు పిలిచినప్పుడల్లా చిన్న బిస్కెట్టు ముక్క పెట్టండి" అంది. పేరు ఖాయమయ్యాక టీకాల కార్డు రాసిస్తానంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర అదే మాట. మా అమ్మాయి ఫోన్లో వెతికి పది పేర్లు చదివింది. కుక్కకి పేరెందుకు, చెయ్యి ఊపితే రాదా అని అత్తయ్య విసుక్కుంది. నేను కూర వడ్డిస్తున్నాను. మా ఆయన నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, ఒక పేరు చెప్పారు.

ఆ పేరు నేనిక్కడ రాయను. రెండక్షరాల పేరు. వింటే ఎవరికైనా నచ్చుతుంది. గరిటె నా చేతిలో అలాగే ఉండిపోయింది. ఎక్కడ విన్నారు ఆ పేరు అని అడిగాను. "ఏమో, నోటికొచ్చింది. బావుంది కదా" అన్నారు. నాన్న భలే పెట్టాడంది మా అమ్మాయి. అత్తయ్య కంచంలో అన్నం సగం వదిలేసి, ఆకలి లేదంటూ లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. కుక్క గోల నచ్చలేదనుకున్నాను.

పంతొమ్మిదేళ్ళ కిందట నాకు అయిదో నెల. డాబా మీద బట్టలు తీస్తుంటే, దుప్పటి మడతపెట్టడానికి ఆయన రెండో కొస పట్టుకున్నారు. అప్పుడు చెప్పాను, ఆడపిల్ల పుడితే ఈ పేరు పెడదామని. అది నేనెక్కడా విని తెచ్చుకున్నది కాదు. రెండు నెలలు నాలో నేనే తిప్పి తిప్పి చూసుకున్న పేరు. ఆయన నవ్వి, ఆడపిల్లే అని అంత నమ్మకమేంటి అన్నారు. ఏడో నెలలో ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి లోపల చప్పుడు ఆగిపోయింది. ఆడపిల్లే. నాకు చూపించలేదు. నర్సు కాగితం నింపుతూ, పేరు అని ఉన్న చోట ఒక గీత గీసింది. మంచం పక్కన కూర్చుని అత్తయ్య నా తల నిమురుతూ అంది, "పేరు మాత్రం పెట్టుకోకు. పేరు పెడితే మనిషవుతుంది. మనిషైతే మర్చిపోలేవు." ఆయన కూడా, అమ్మ అన్నది నిజమే, ఇంకొకరు పుడతారులే అన్నారు.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ షాపులో. అద్దాలు ఫ్రేముకి సరిపడా అరగదీసి బిగించడం నా పని. ఇప్పుడు నాకు నలభై అయిదేళ్ళు. నా తర్వాత చేరిన ఇద్దరు మగవాళ్ళకి తెల్లకోటు ఇచ్చి, వచ్చినవాళ్ళకి నన్ను మాత్రం ఇంకా "మా అమ్మాయి" అని చూపిస్తారు ఓనరు. బిడ్డ పోయినప్పుడు మూడు నెలల సెలవు అడిగితే ఓనరు పాపం గొంతు తగ్గించే అడిగారు, "పిల్ల లేదు కదమ్మా, సెలవెందుకు?" పదో రోజున వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను. పాలు ఇంకా ఆగలేదు. జాకెట్టు లోపల రెండు చేతిరుమాళ్ళు మడిచి పెట్టుకుని, రోజుకి ఇరవై జతల అద్దాలు బిగించాను. రెండేళ్ళకి మా అమ్మాయి పుట్టింది. దానికి పేరు మా ఆడపడుచు పెడతానంటే సరేనన్నాను. నేనేదో ఉదారంగా ఒప్పుకున్నానని అందరూ మెచ్చుకున్నారు. నా దగ్గర ఉన్నది ఒక్కటే పేరు, దాన్ని అప్పటికే ఇచ్చేశాను.

ఇప్పుడు ఆ పేరు ఇల్లంతా తిరుగుతోంది. అది అన్నం తిందా. దానికి కంపు కొడుతోంది, స్నానం చేయించు. అది చెప్పు కొరికేసింది, దానికి రెండు తగిలించు. ఇవన్నీ ఆ పేరు ముందు పెట్టి అనేవాళ్ళు, తండ్రీ కూతురూ, ఏమీ ఎరగని మొహాలతో. ఇరవై ఏళ్ళ కిందట ఏ భవనంలో ఏ లిఫ్టు బిగించారో దాని నంబరుతో సహా ఇప్పటికీ చెప్పగలరు మా ఆయన. నేను మాత్రం బిస్కెట్టు ముక్క పట్టుకుని నేల మీద తట్టి పిలిచేదాన్ని. ఆ పేరు మాత్రం పలికేదాన్ని కాదు. ఎవరికైనా చెప్పుకుందామంటే ఏమని చెప్పాలి? నా కూతురి పేరు కుక్కకి పెట్టారని అంటే, ఏ కూతురు అంటారు.

కుక్క మాత్రం నేర్చేసుకుంది. మూల వదిలి హాల్లోకి వచ్చింది. తోక లేచింది. ఆ పేరు వినపడితే చెవులు నిక్కబొడుచుకుని, ఈ లోకంలో తనంత గొప్పది లేదన్నట్టు నడిచేది. దాన్నలా చూస్తే సంతోషంగా ఉండేది. ఆ సంతోషం మీద కోపం వచ్చేది.

ఒక పొద్దున తిప్పి తీసుకొస్తుంటే దాని మెడపట్టీ జారిపోయింది. పిల్లిని చూసి రోడ్డు మీదికి దూకింది. మలుపు తిరిగి పాలవ్యాను వస్తోంది. చప్పట్లు కొడితే వినలేదు. అప్పుడు పిలిచాను. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, వీధి వీధంతా వినపడేలా, ఆ పేరు పెట్టి పిలిచాను. అది ఠక్కున ఆగి, వెనక్కి తిరిగి, పరుగెత్తుకుంటూ వచ్చి నా పొట్టలో తల దూర్చింది. వ్యాను వెళ్ళిపోయింది. పిలిస్తే వచ్చింది. అక్కడే ఎవరి ఇంటి మెట్టు మీదో కూర్చుని దాని మెడ పట్టుకుని ఏడ్చాను. ఆ ఇంటావిడ తలుపు తీసి, ఏమైందమ్మా, దెబ్బ తగిలిందా అని అడిగింది. లేదండీ, తప్పిపోయిందనుకున్నాను అని చెప్పాను.

ఆ శనివారం టీకాలకి మా అమ్మాయి కూడా వచ్చింది. డాక్టరమ్మ సూదులు వేసి, కొత్త కార్డు తీసి, పెన్ను మూత తీసి, పేరేం పెట్టారండీ అంది. మా అమ్మాయి నోరు తెరుస్తోంది. పేరు అని అచ్చయి ఉన్న ఆ ఖాళీ వైపే చూస్తున్నాను. నా బిడ్డ పేరు ఒక కాగితం మీద ఎక్కడం ఇదే మొదటిసారి అవుతుంది. అదీ కుక్క టీకాల కార్డు మీద.

"చుక్క" అన్నాను. దాని మెడ కింద మచ్చ కనబడింది, అదే అనేశాను. డాక్టరమ్మ రాసేసింది. మా అమ్మాయి బిత్తరపోయి, అదేంటమ్మా, అది ఇప్పుడిప్పుడే నేర్చుకుంది కదా, మళ్ళీ మారిస్తే పాపం కదా అంది. పాపమే. అది నాకు తెలుసు.

ఇంటికి నడుస్తూ చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక ముందు నర్సు గీత గీసిన సంగతి చెప్పాను, తర్వాత వెనక్కి వెళ్ళి దుప్పటి మడత సంగతి చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నాకంటే ఎంత పెద్దది అని అడిగింది. రెండేళ్ళన్నాను. సందు చివరికొచ్చాక మెల్లగా అంది, "మొన్న చెప్పు కొరికిందని నేను ఆ పేరు పెట్టే తిట్టాను కదమ్మా."

ఇంట్లోకి అడుగు పెట్టగానే మా అమ్మాయి తిన్నగా నానమ్మ దగ్గరికి పోయి, కుక్క పేరు మార్చామని చెప్పింది. అత్తయ్య ఇద్దరి మొహాలూ చూసింది. మంచం పక్క డబ్బాలోంచి తన బిస్కెట్టు ఒకటి తీసి, "చుక్కా, ఇటు రా" అంది. నెల రోజుల్లో ఆవిడ కుక్కని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. కుక్క కదల్లేదు. ఎవరినో పిలుస్తున్నారనుకుని గుమ్మం వైపు చూసింది.

"మీకు ఆ పేరు గుర్తుందా అత్తయ్యా?"

"ఆస్పత్రిలో మత్తులో రెండు రోజులు ఆ పేరే పలవరించావు. పక్కన ఉన్నది నేను కదూ. వీడు ఆ పేరు కుక్కకి పెడితే నాకు ముద్ద దిగలేదు. నీకు గుర్తుందో లేదో, నేను కదిపితే లేనిపోనిది తవ్వినట్టవుతుందేమోనని ఊరుకున్నాను."

"మరి పేరు పెట్టుకోవద్దన్నారు."

ఆవిడ బిస్కెట్టు రెండు ముక్కలు చేసింది. "నేను పెట్టుకున్నాను. వీడికంటే ముందు పోయినదానికి. అందుకే వద్దన్నాను."

ముక్క చేతిలో పట్టుకుని అలాగే చాపి ఉంచింది, కుక్క వాసన పట్టి వచ్చేదాకా.

సాయంత్రం మా ఆయన వచ్చి, గుమ్మంలోనే అలవాటుగా ఆ పేరు పెట్టి పిలిచారు. కుక్క ఒక్క గంతులో ఆయన కాళ్ళ దగ్గరుంది. ఆ పేరుతో పిలవకండి అన్నాను. మా అమ్మాయి కార్డు చేతికిచ్చింది. ఆయన చదివి మొహం చిన్నబుచ్చుకున్నారు. "శుభ్రమైన పేరు. నేను పెట్టానని నచ్చలేదా?"

"ఆ పేరు ముందే ఒకరికి పెట్టాను."

"ఎవరికి?"

గదిలోంచి అత్తయ్య గొంతు వచ్చింది. "నీ పెద్దకూతురికిరా."

ఆయన ఒక బూటు విప్పి, రెండోది విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు. గుర్తు తెచ్చుకోవాలని నిజంగానే ప్రయత్నిస్తున్నారు, అది నాకు కనపడుతోంది. చివరికి, నాకెప్పుడైనా చెప్పావా అన్నారు.

"చెప్పాను. మీరు విన్నారు. వినబట్టే మొన్న నోటికొచ్చింది. పేరు గుర్తుంది మీకు, ఎవరిదో మర్చిపోయారు."

ఆయన తల దించుకున్నారు. కుక్క తనని పిలిచిన చేతుల్లోకి ఇంకా మూతి తోస్తూనే ఉంది. ఆయన దాన్ని నిమరబోయి ఆగిపోయారు. నాకు ఆయన మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే తేలికయ్యేదేమో. ఇన్నేళ్ళూ ఇద్దరం మోస్తున్నామనీ, ఆయన పైకి అనరనీ అనుకుంటూ బతికాను. మోస్తున్నది నేనొక్కదాన్నేనని ఆ కుర్చీ ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

అప్పుడు అడిగాను. ఆస్పత్రి గదిలో నేను కళ్ళు తెరిచేసరికి, బిడ్డని తెల్లగుడ్డలో చుట్టి తీసుకెళ్ళిపోయింది ఆయనే. ఎక్కడికని అప్పుడు అడగనివ్వలేదు, తర్వాత అడగడం నాకు చేతకాలేదు.

"ఎక్కడ పెట్టారు?"

ఆయన ఈసారి తడుముకోలేదు. పాత గోడౌన్లు దాటాక శ్మశానం ఉంది కదా, దాని ప్రహరీ లోపల, రోడ్డు వైపు మూల, గోడకి నాలుగడుగుల దూరం అన్నారు.

పంతొమ్మిదేళ్ళుగా నేను షాపుకి వెళ్ళే బస్సు ఆ గోడ పక్కనే ఆగుతుంది. మర్నాడు అక్కడ దిగాను.