రెండేళ్ళ లైబ్రరీ

కూతురు రెజ్యూమేలోంచి ఆ ఒక్క లైనూ తీసిపారేసేసరికి ఆవిడకి ఒళ్ళు మండిపోయింది.

"హైస్కూలు సంగతులు ఎవరూ రాయరమ్మా. చూసినవాళ్ళు నవ్వుతారు," అంది కూతురు, కంప్యూటరు మీంచి కళ్ళు తిప్పకుండా.

వీధి చివర లైబ్రరీలో అసిస్టెంటు ఉద్యోగం. దరఖాస్తుకి సాయంత్రం ఐదింటిదాకా గడువు. నలభై నాలుగేళ్ళకి మొదటిసారి రెజ్యూమే రాయించుకుంటోంది ఆవిడ. పేరూ చదువూ టకటకా టైపు కొట్టేసింది కూతురు. అనుభవం కింద ఉన్నదల్లా స్కూలు లైబ్రరీ నడిపానన్న ఆ లైనే. అదీ పోయాక పేజీలో సగం తెల్లగా మిగిలింది.

నవ్వుతారట! ఏం చూసి నవ్వుతారు? ఆవిడ తొమ్మిదో తరగతిలో ఉండగా స్కూలు లైబ్రేరియన్ రిటైరయ్యాడు. ఆ కుర్చీలో మళ్ళీ ఎవర్నీ వెయ్యలేదు. హెడ్మాస్టరు తాళంచెవి తెచ్చి ఈవిడ చేతిలో పెట్టి, చేతులు దులుపుకున్నాడు. పదకొండు బీరువాలు, రెండేళ్ళు. చిన్న తరగతుల పిల్లలకి పుస్తకం పేరు గుర్తుంటే కదా! "పాము కరిచేది కావాలి", "చివర్లో కుక్క చచ్చిపోయేది ఇవ్వు" అని అడిగేవాళ్ళు. అందుకని వాళ్ళ మాటలతోనే ఓ జాబితా రాసి, ఒక్కోదాని పక్కన బీరువా నంబరు వేసింది. ఆ తర్వాత వట్టి చేతుల్తో వెనక్కి వెళ్ళిన పిల్లలు లేరు. తనిఖీకి వచ్చినాయన ఆ జాబితా చూసి తెగ మెచ్చుకుంటే, "అంతా మా పర్యవేక్షణేనండీ" అని పళ్ళికిలించాడు హెడ్మాస్టరు. ఆవిడ గుమ్మం పక్కనే నిలబడి వింది. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదు. ఇవాళ కన్నకూతురే అదే పని చేస్తోంది.

"నీది చూపించు," అంది.

"నాదేంటి?"

"నీ రెజ్యూమే. దాంతోనేగా ఉద్యోగం కొట్టావు."

కూతురు తెరిచింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, వేలు పెట్టి మరీ చదివింది. "కార్యక్రమ నిర్వహణలో అనుభవం. ఇదెప్పుడే?"

"కాలేజీలో సెమినార్ అయింది కదా..." కూతురు నసిగింది. "తలుపు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకున్నా."

"ఎన్నాళ్ళు?"

"రెండ్రోజులు."

"ఓహో! నువ్వు రెండ్రోజులు పేర్లు రాస్తే నిర్వహణ. నేను రెండేళ్ళు లైబ్రరీ నడిపితే నవ్వులాట!"

గడియారం నాలుగుంబావు చూపిస్తోంది. కూతురు తీసేసిన లైను మళ్ళీ కొట్టడం మొదలుపెట్టింది.

"హోదా ఏం వెయ్యను? లైబ్రరీలో సాయం చేసిన విద్యార్థిని అందామా?"

"సాయం ఎవరికే? అక్కడ ఇంకెవరున్నారని? లైబ్రేరియన్ అని వెయ్యి."

వేసింది. దరఖాస్తు చివరికి వచ్చి ఆగింది.

"పాత ఉద్యోగంలో జీతం ఎంత ఇచ్చారని ఒక గడి ఉందమ్మా. ఖాళీగా వదిలేస్తాలే."

"వదలకు," అంది ఆవిడ. "ఇవ్వలేదని రాయి."