పద్నాలుగు డిగ్రీలు

అతన్ని అందరూ టెస్టర్ అనే పిలిచేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట ఎప్పుడూ కరెంటు చూసే టెస్టర్ ఉండేది మరి. పెళ్ళికెళ్ళినా తీసేవాడు కాదు. "అన్నంలో కూడా ఒకసారి గుచ్చి చూసుకుని తినండి" అని వాళ్ళావిడ ఎత్తిపొడిచేది.

ముప్ఫై ఏళ్ళుగా ఇళ్ళలో వైరింగు చేస్తున్నాడు. గోడలోకి చూడాలి గానీ ఇంట్లోకి చూడకూడదు అన్నది అతని నియమం. ఎవరి కళ్ళు వాచి ఉన్నాయో, ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో, ఏ గదికి బయటినుంచి గడియ పెట్టి ఉందో, అన్నీ కంటబడేవి. పనివాడు వచ్చాడని జనం గొడవ ఆపరు కదా. టెస్టర్ తల వంచుకుని తన పని చేసుకుని వచ్చేసేవాడు. "మనకెందుకొచ్చిన గొడవ" అన్నది అతని ఊతపదం.

లెక్చరర్ ఇంటికి మొదటిసారి వెళ్ళింది చలి మొదలైన వారంలో. ఇంట్లో వేడిని అదుపుచేసే పాత థర్మోస్టాట్ తీసేసి, ఫోన్‌లోంచి నడిపే కొత్తది పెట్టాలి. లెక్చరర్ తలుపు దగ్గరే ఎదురొచ్చి, చెప్పులు ఎక్కడ విడవాలో, సంచీ ఎక్కడ పెట్టాలో మర్యాదగా చూపించాడు. మెత్తటి గొంతు. ప్రతి మాటకీ 'గారు' తగిలించి మాట్లాడే మనిషి. హాల్లో పుస్తకాలు ఎత్తు ప్రకారం సర్ది ఉన్నాయి. వెనక గదిలోంచి సన్నగా దగ్గు వినిపించింది.

"మా అత్తగారు. పక్షవాతం. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఎనిమిది నెలలుగా ఇక్కడే" అన్నాడు లెక్చరర్. ఆ 'ఇక్కడే' అన్న మాటని కాస్త నొక్కి పలికాడు.

టెస్టర్ మెయిన్ ఆపి, గోడమీదున్న పాత గుండ్రటి డబ్బా విప్పాడు. వెనక మూడు తీగలు. ఒక్కోదానికీ టేపు చుట్టి అక్షరం రాసుకుంటుంటే, లెక్చరర్ భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. ఇంట్లోనే రెండు స్వెట్టర్లు వేసుకుని ఉంది.

"ఈ ఎర్రది ఏం చేస్తుంది అన్నయ్యా?" అని అడిగింది.

టెస్టర్‌కి మనుషులతో మాట్లాడటం రాదు గానీ తీగల గురించి అడిగితే నోరు ఊరుకోదు. "ఎరుపు కరెంటు తెస్తుందమ్మా. తెలుపు కింద గదిలో ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌ని నిద్ర లేపుతుంది. ఈ నీలం, డబ్బాలో ఉన్న తెరకి. గోడమీద ఎంత పెద్ద యంత్రం పెట్టినా అది చేసే పని ఒకటే. చలేస్తే ఎరుపునీ తెలుపునీ కలుపుతుంది, చాలనిపిస్తే విడదీస్తుంది."

"అంతేనా?"

"అంతే. మిగతాదంతా సోకు."

"ముట్టుకుంటే షాక్ కొట్టదా?"

"కొట్టేంత ఉండదు. ఇరవైనాలుగు వోల్టులే. అయినా మెయిన్ ఆపకుండా ముట్టుకోకూడదనుకోండి."

ఆవిడ తల ఊపింది. బడిలో మొదటి వరసలో కూర్చున్న పిల్లలా శ్రద్ధగా వింది. ఇంకేదో అడగబోయింది గానీ భర్త గదిలోంచి రాగానే వంటింట్లోకి వెళ్ళిపోయింది.

కొత్తది గోడకి బిగించి, లెవెల్ చూసి, మెయిన్ వేశాడు. తెర వెలిగింది. లెక్చరర్ ఫోన్ పట్టుకుని పక్కనే కుర్చీ వేసుకున్నాడు.

"దీనికి తాళం ఉంటుందట కదా? గోడ దగ్గర ఎవరూ నొక్కి మార్చకుండా."

"ఉందండీ. నాలుగంకెల నంబరు పెట్టుకోవచ్చు. చిన్నపిల్లలున్న ఇళ్ళలో పెడుతుంటారు."

"మంచిది. పెట్టండి. ఉదయం ఎనిమిదినుంచి సాయంత్రం ఆరుదాకా పద్నాలుగు డిగ్రీలు. నేను వచ్చేసరికి ఇరవై ఒకటి ఉండాలి."

టెస్టర్ వేలు తెరమీద ఆగింది. "పగలు ఇంట్లో ఎవరూ ఉండరాండీ?"

"ఎందుకుండరు? మా ఆవిడ ఉంటుంది, వాళ్ళమ్మ ఉంటుంది."

"పద్నాలుగంటే... మంచంలో ఉన్న పెద్దావిడకి..."

లెక్చరర్ నవ్వాడు. "బిల్లు గురించనుకుంటున్నారా? కాదండీ. ఇంటికి ఒక పద్ధతంటూ ఉండాలి. మా ఆవిడ ఇల్లంతా కొలిమి చేస్తుంది, నన్ను అడగకుండా. అడిగితే ఇవ్వనా? అడగడం నేర్చుకోవాలి." గొంతు అంతే మెత్తగా ఉంది. "మీరు తీగల సంగతి చూడండి టెస్టర్ గారూ."

మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నాడు టెస్టర్. తన వేలితోనే పద్నాలుగు నొక్కాడు. లెక్చరర్ నంబరు పెట్టేటప్పుడు మర్యాదగా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించి అడిగింది. "ఆ నంబరు మీకు తెలుసా అన్నయ్యా?"

"లేదమ్మా, నేను చూడలేదు."

అది నిజమే. కానీ డబ్బా వెనక చిన్న బొత్తాన్ని పది లెక్కపెట్టేదాకా నొక్కి పట్టుకుంటే తాళం సహా అన్నీ చెరిగిపోతాయని అతనికి తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం పూట, లెక్చరర్ ఫోన్ చేశాడు. "మీరు పెట్టిన యంత్రం నా మాట వినడం లేదండీ. కాలేజీలో ఉండి చూస్తున్నాను. ఫోన్లో వేడి ఆగిపోయి ఉందని చూపిస్తోంది, ఇల్లేమో ఇరవైమూడు ఉంది. నేను ఇంటికి బయల్దేరాను. మీరూ వెంటనే రండి."

టెస్టర్ వెళ్ళేసరికి లెక్చరర్ అప్పుడే వచ్చి, కోటు కూడా విప్పకుండా హాల్లో నిలబడి ఉన్నాడు. ఇల్లు వెచ్చగా ఉంది. వెనక గది తలుపు తెరిచి ఉంది. మంచంమీద ముసలావిడ రెండు చేతులూ దుప్పటి పైన పెట్టుకుని, కిటికీలోంచి పడుతున్న ఎండని చూస్తోంది. వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

టెస్టర్ డబ్బా ముందుభాగం లాగాడు. లోపల ఎరుపుకీ తెలుపుకీ మధ్య వేలెడంత రాగితీగ ఉంది. చివర్లు శుభ్రంగా ఒలిచి, స్క్రూల కింద గట్టిగా బిగించి ఉంది. చేయి తిరిగిన పనివాడు చేసినట్టుంది. రోజూ భర్త వెళ్ళాక మెయిన్ ఆపి ఆవిడ ఆ తీగ పెట్టుకుంటోందని, ఆయన వచ్చేలోగా తీసేస్తోందని అతనికి అర్థమైంది. ఇవాళ ఆయన ముందే వచ్చేశాడు.

"ఏమిటి కారణం?" వెనకనుంచి అడిగాడు లెక్చరర్.

ముప్ఫై ఏళ్ళలో టెస్టర్ ఇంటివాళ్ళకి అబద్ధం చెప్పింది లేదు. ఇవాళ చెప్పాడు. "లోపల తీగల్ని కలిపే రిలే అతుక్కుపోయిందండీ. కొత్తది తెప్పించాలి, వారం పడుతుంది. అందాకా ఇలాగే వేడిగా ఉంటుంది." ఆవిడకి ఒక వారం దొరుకుతుందనుకున్నాడు.

"వారమా?" లెక్చరర్ ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే వారం పాటు బాయిలరే ఆపేయండి. కింద గదికి తాళం వేస్తాను."

టెస్టర్ కిటికీ వైపు చూశాడు. బయట నీళ్ళు గడ్డకడుతున్నాయి. "అంత అవసరం లేదండీ... చూస్తాను... ఇప్పుడే బాగుచెయ్యొచ్చేమో."

"ఇందాక వారం అన్నారు."

"అంటే... ఒక్కోసారి..."

అబద్ధానికి అలవాటు లేని నోరు అక్కడితో ఆగిపోయింది. లెక్చరర్ మెల్లగా అతన్ని పక్కకి జరిపి, వంగి చూశాడు. "దీన్నేనా రిలే అంటారు?" అని, ఆ తీగ తీసి ఇమ్మన్నాడు. టెస్టర్ తీసిచ్చాడు. ఆయన దాన్ని వేళ్ళమధ్య అటూ ఇటూ తిప్పి చూసి జేబులో వేసుకున్నాడు.

"దీనిమీద గట్టి ప్లాస్టిక్ మూత, తాళంతో సహా ఉంటుందట కదా. మీ సంచీలో ఉందా?"

ఉంది. లేదని చెప్పొచ్చు. కానీ రెండో అబద్ధానికి ధైర్యం చాల్లేదు. మూత పెట్టి నాలుగు స్క్రూలూ బిగించాడు. వెళ్ళేటప్పుడు లెక్చరర్ భార్య అంది, "మీరే కదా నేర్పారు." అందులో నిష్ఠూరం కూడా లేదు. 'అన్నయ్యా' అని మాత్రం అనలేదు.

ఆ సాయంత్రం టెస్టర్ అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తలేదు. భార్య రెండుసార్లు అడిగాక అంతా చెప్పాడు. ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది.

"నీ చేత్తో తాళం పెట్టొచ్చావా?" ఎప్పుడూ 'మీరు' అనే మనిషి 'నీ' అంది. "మంచంలో ఉన్నది మీ అమ్మైతే పెడుదువా?"

"వాళ్ళ ఇల్లు, వాళ్ళ..."

"వాళ్ళ ఇల్లే. చెయ్యి ఎవరిది?"

మర్నాడు లెక్చరర్ కాలేజీలో ఉండే వేళకి టెస్టర్ తమ ఇంట్లో ఉన్న చిన్న హీటర్ పట్టుకుని వెళ్ళాడు. తలుపు తీసిన ఆవిడ అతని చేతిలోది చూసి, ఏమీ అడగకుండా వెనక గదిలోకి దారి ఇచ్చింది. గదిలో నేల కాళ్ళకి జిల్లుమంటోంది. మూడు దుప్పట్ల కింద ముసలావిడ గుండె పైకీ కిందికీ ఎగిరిపడుతోంది. పెదవుల చుట్టూ నీలం. ఊపిరిలో గరగర.

"ఎప్పట్నుంచి ఇలా?"

"మొన్నట్నుంచి దగ్గు ఎక్కువైంది. రాత్రినుంచి ఇలా. వేడి పెట్టమని అడిగాను. నిన్నటి పనికి ముందు సంజాయిషీ చెప్పమన్నారు. చెప్పాను. చాల్లేదన్నారు. డాక్టర్ని రెండ్రోజులు చూసి పిలుద్దామన్నారు."

"మీరు పిలవచ్చు కదమ్మా!"

"నా ఫోన్ కూడా ఆయన దగ్గరే ఉంది. పొద్దున తలుపు దాకా రెండుసార్లు వెళ్ళాను. నేను బయటికెళితే ఈవిడ దగ్గర ఎవరుంటారు?"

టెస్టర్ హీటర్ పక్కన పెట్టి అంబులెన్స్‌కి ఫోన్ చేశాడు. బండి వచ్చేదాకా ఇద్దరూ చెరో పక్కా కూర్చుని ముసలావిడ చేతులు రుద్దారు. అప్పుడు ఆవిడ కళ్ళు తెరిచి టెస్టర్‌ని చాలాసేపు చూసింది. ఎవరనుకుందో తెలీదు. కూతురు ఇంటి చెప్పులతోనే బండెక్కింది.

ముసలావిడ నాలుగో రోజున పోయింది. న్యుమోనియా అన్నారు. పక్షవాతం ఉన్నవాళ్ళకి చలికాలంలో ఇలా జరుగుతూనే ఉంటుందని డాక్టర్ చెప్పాడు. కూతురు మళ్ళీ భర్త గడప తొక్కలేదు. టెస్టర్ భార్య ఆసుపత్రికి వెళ్ళి, "ఎక్కడికెళ్ళాలో తేలేదాకా మా ఇంట్లో ఉండు చెల్లీ" అని తీసుకొచ్చేసింది.

ఆసుపత్రివాళ్ళు కబురు పెడితే పోలీసు శాఖనుంచి ఒక మహిళా అధికారి వచ్చి విచారించింది. లెక్చరర్ తడుముకోకుండా బదులిచ్చాడు. తనకి ఈ యంత్రాల సంగతి తెలియదని, అంకెలన్నీ టెక్నీషియనే పెట్టాడని చెప్పాడు. యంత్రంలోని రికార్డు తీసి చూస్తే అదే ఉంది. పద్నాలుగు నమోదైంది టెస్టర్ ఇంట్లో ఉన్న గంటలోనే. ఆ అధికారి కాగితాలు సర్దుకుంటూ అంది: "ఇల్లు చల్లగా ఉంచుకోవడం నేరమని ఎక్కడా రాసి లేదండీ." కేసు అక్కడితో ఆగింది. లెక్చరర్ మర్నాటినుంచి పాఠాలు చెప్పుకుంటున్నాడు.

లెక్చరర్ భార్య టెస్టర్ ఇంట్లో రెండు నెలలుంది. అతని భార్యతో కలిసి కూరలు తరిగేది, బట్టలు మడిచేది. అతను ఇంట్లోకి వస్తే మాత్రం ఆ గదిలోంచి లేచి వెళ్ళిపోయేది. ఒకరోజు అతనే గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ రోజు మీరు నంబరు అడిగినప్పుడు... నంబరు లేకుండానే తీసే దారి నాకు తెలుసమ్మా. చెప్పలేదు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. "తెలుసని నాకు అప్పుడే తెలిసింది. మీరు లేదమ్మా అన్నప్పుడు నా వైపు చూడలేదు."

"తప్పైపోయింది."

"అయింది." ఆవిడే మళ్ళీ అంది: "క్షమించమని అడక్కండి, నా దగ్గర లేదు. వచ్చే నెల విడాకుల కేసు విచారణకొస్తోంది. అక్కడికొచ్చి, పద్నాలుగు పెట్టమన్నది ఎవరో, ఇంట్లో మనుషులున్నారని తెలిసే పెట్టమన్నాడని చెప్పండి. మీ పేరూ పోతుంది. అయినా చెప్పండి."

టెస్టర్ నాలుగు వాయిదాలకీ వెళ్ళాడు. మూడుసార్లు బయట బల్లమీద కూర్చోబెట్టి పంపించేశారు. నాలుగోసారి బోనెక్కించారు. లెక్చరర్ తరఫు లాయరు నింపాదిగా అడిగాడు. "తాళం పెట్టింది ఎవరు?"

"నేనే."

"మూత బిగించింది?"

"నేనే."

"ఇంట్లో మంచానపడ్డ మనిషి ఉందని మీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు చేశారు?"

ముందు వరసలో లెక్చరర్ కాలుమీద కాలేసుకుని వింటున్నాడు. రెండు బల్లల వెనక ఆవిడ, పక్కన టెస్టర్ భార్య.

"ఆయన మర్యాదగా అడిగాడండీ. నేను కాదనలేకపోయాను" అన్నాడు టెస్టర్.

లాయరు జడ్జి వైపు తిరిగి, ఇంక ప్రశ్నలేమీ లేవన్నాడు. విడాకులు వచ్చాయి. చావు గురించి తీర్పులో ఒక్క వాక్యం కూడా లేదు. మెట్లు దిగుతూ ఆవిడ టెస్టర్ భార్య చెయ్యి పట్టుకుంది. వెనక నాలుగు మెట్ల దూరంలో వస్తున్న అతని కోసం ఆగలేదు. అతనూ పిలవలేదు.