ఏ కాలరైనా, ఏ కుర్తాకైనా

నాచారం కుట్టు కంపెనీలో దుర్గాభవానిని అందరూ కాలర్ల దుర్గ అంటారు. మొహం మీద అంటే మాత్రం ఆమె ఊరుకోదు, అది వేరే సంగతి. చొక్కాల లైన్‌లో ఒకరు చేతులు కుడతారు, ఒకరు జేబులు, ఒకరు కాజాలు. దుర్గ వంతు కాలర్లు. పెళ్లయి జనగామ దిక్కు నుంచి వచ్చి పనిలో చేరినప్పటి నుంచీ కాలర్లే. కళ్లు మూసుకుని కుట్టినా రెండు మొనలూ ఒక్కతీరుగా వస్తాయి. ఆ చొక్కాలు ఓడలెక్కి ఏ దేశం పోతాయో ఆమెకు తెలియదు. మొత్తం చొక్కా ఒక్కటి కూడా తన చేత్తో కుట్టి ఎరగదు.

అలాంటి మనిషి, కూతురు సంతోషికి ఉప్పల్‌లో కంప్యూటర్ ఉద్యోగం వచ్చిందనగానే, ఇంటినిండా చుట్టాలుండగా ఎంత మాట అనేసింది!

"నా బిడ్డ ఆఫీసుకు దుకాణం బట్టల మీద పోదు. పైకెల్లి కింది దాంక అన్ని నేనే కుడ్త. సూస్తుండున్రి!"

ఆడపడుచు వెంకటనర్సమ్మ పకపకా నవ్వింది. "ఓ వదినె, ఉత్త కాలర్లు తొడిగి తోలుతవా ఏంది పిల్లను?"

అంతే. ఇక దుర్గను ఆపడం ఎవరి తరం? ఉప్పల్‌లో కట్‌పీసుల దుకాణాలన్నీ గాలించింది. మెట్రో పిల్లర్ల కోసం రోడ్డంతా తవ్విపోసి ఉంటే, ఆ దుమ్ములోనే సంచులు మోసుకొచ్చింది. ఆలోచన మాత్రం మెచ్చుకోవలసిందే. గుడ్డ తక్కువ పట్టాలి, డ్రెస్సులు ఎక్కువ కనపడాలి. కుర్తాలకు పసుపు, నీలం, మెరూన్, తెలుపు. దేని కిందికైనా నప్పేలా నల్ల ప్యాంటు, గోధుమరంగు ప్యాంటు. ఇవాళ దీనిమీద అది, రేపు దానిమీద ఇది. చూసేవాళ్లకు రోజూ కొత్త డ్రెస్సే.

మరి కుట్టడం ఎక్కడ మొదలుపెట్టింది? ఇంకెక్కడ, కాలర్ల దగ్గర! దర్జీ ఎవరైనా ముందు ఒంటి కొలత తీసి, మెడ కత్తిరించి, ఆ తర్వాత కాలర్ జోలికి పోతాడు. దుర్గకు ఆ వరస ఎక్కడిది? కంపెనీలో మెడలు కత్తిరించేవాళ్లు వేరే, ఆమె ముందుకొచ్చేది కాలర్ ముక్క ఒక్కటే. అలవాటు పడ్డ చేతులు అలవాటైన సైజులోనే, అంటే మగవాళ్ల చొక్కా సైజులో, అన్ని రంగులకూ కాలర్లు కుట్టేసి, అంచులు మూసేసి, ఇస్త్రీ చేసి వరసగా పెట్టాయి. ఆ తర్వాతే దుర్గ పిల్ల ఒంటి కొలతలు తీసి కుర్తాలు, ప్యాంట్లు కత్తిరించి కుట్టింది.

సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఆదివారం పొద్దున పిల్లకు పసుపు కుర్తా తొడిగి, కాలర్ పెట్టి చూసింది. మెడకన్నా కాలర్ ఇంత పొడుగు! రెండు చివర్లూ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నీలం దానికీ అదే గతి. కొత్త కాలర్లు కుడదామంటే గుడ్డ మిగల్లేదు.

సరిగ్గా అప్పుడే వెంకటనర్సమ్మ దిగబడాలా? "అయ్యో వదినె, వచ్చిన పని గూడ పాయెనా!" అని బుగ్గలు నొక్కుకుంది.

దుర్గకు తల కొట్టేసినట్టయింది. తలతిప్పి చూస్తే తలుపు వెనక కొక్కేనికి ఎవరిదో చుడీదార్ వేలాడుతోంది.

"ఇదెవరిదే?"

"కీర్తనది అమ్మా. నాతోనే జాబ్‌ల చేరుతున్నది. ఎందుకన్న మంచిదని అడిగి తెచ్చుకున్న." సంతోషి తల దించుకుంది. "కోపం చెయ్యకు."

కోపమొచ్చినా బాగుండేది. ఏడుపు వచ్చింది. కన్నబిడ్డే తన కుట్టును నమ్మలేదు. అంతమంది ముందు అన్న మాట ఏం కావాలి?

"జర కాలర్లు కోసి చిన్నగ జెయ్యరాదు వదినె," అంది వెంకటనర్సమ్మ. ఈసారి నిజంగానే జాలిపడింది.

"నా కాలర్లకు కత్తెర తాకనియ్య!" దుర్గ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "కోస్తే మెడలే కోస్త."

మొండితనమనండి, రోషమనండి. కుర్తాల మెడలన్నిటినీ కాలర్ కొలతకు పెద్దవి చేసింది. సంతోషి సన్నటి మెడకు కాలర్ కాస్త ఎడంగా నిలబడింది. అదీ ఒక అందంగానే ఉంది. కుట్టేముందు గుండుసూదులు పెట్టమంటే, పిల్ల తొందరలో పసుపు కుర్తాకు నీలం కాలర్ పెట్టేసింది.

"అయ్యో, మారింది!" అని తియ్యబోతే దుర్గ చెయ్యి పట్టుకుని ఆపింది. అద్దంలోకి చూసింది. మెరూన్‌ది పెట్టి చూసింది, తెల్లది పెట్టి చూసింది. మెడలన్నీ ఒక్క కొలతయ్యాక ఏ కాలరైనా ఏ కుర్తాకైనా సరిపోతోంది!

"ఇగ కాలర్లు కుట్టనే కుట్ట," అంది. "ఒత్తితే అంటుకునే, గుంజితే ఊడే టిచ్ బటన్లు పెడ్త. పొద్దుగాల నీకేది మనసైతే అది పెట్టుకొని పో."

వెంకటనర్సమ్మ పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. వదినామరదళ్లిద్దరూ పొద్దుగూకేలోగా బటన్లన్నీ కుట్టేశారు.

సోమవారం పొద్దున దుర్గ చెప్పులేసుకుని గడప బయట నిలబడింది. పిల్ల కీర్తన చుడీదారే తొడుక్కుంటుందేమోనని లోపలికి చూసే ధైర్యం లేదు. నోరు మాత్రం ఊరుకోలేదు. "ఏదేస్కున్న మంచిదే గాని జల్ది రా, బస్సు పోతది!" ఏది వేసుకున్నా మంచిదేనట!

సంతోషి బయటికొచ్చింది. తెల్ల కుర్తా, మెరూన్ కాలర్, నల్ల ప్యాంటు. చేతిలో మడతపెట్టిన కీర్తన చుడీదార్. దుర్గ పిల్లను పైనుంచి కిందికి చూసింది, మళ్లీ చూసింది. తన కాలర్ ఒకటి ఆఫీసుకు బయల్దేరడం ఆమె కళ్లారా చూడడం అదే మొదలు.

బస్‌స్టాప్‌లో కీర్తన ఎదురుచూస్తోంది. "నా డ్రెస్ వేసుకోలేదేంటే?" అంటూనే కాలర్ పట్టుకుని చూసింది. "ఇదెక్కడ కొన్నావు? ఏ షోరూమ్? చెప్పవే, మా అమ్మనీ తీసుకెళ్తా!"

సంతోషి తల్లి భుజాలు పట్టుకుని ముందుకు తోసింది. "గిదే షోరూమ్. మా అమ్మ. మొత్తం మా అమ్మనే కుట్టింది."

దుర్గ సంతోషి కాలర్ మొనలు ఒకసారి సర్దింది. బస్సు వచ్చింది. ఆడపిల్లలిద్దరూ ఎక్కారు. దుర్గ మెట్టు పక్కనే వాళ్లను చూస్తూ నిలబడిపోయింది.

"ఎక్కుతవా లేదా అమ్మా? జల్ది!" కండక్టర్ గద్దించాడు.

"నేనెందుకెక్కుత?" స్టాపంతా వినబడేలా అంది దుర్గ. "ఆఫీసుకు పోయేది నా బిడ్డ. గా మెరూన్ కాలర్ పిల్ల. జర నిమ్మలంగ తోలమను డ్రైవర్‌ను!"