స్టే రాకముందే మేకెక్కిన బిళ్ల

నేను ఒక ఇత్తడి బిళ్లని. జూటుమిల్లు వర్కుషాపులోనే నన్ను కోసి, చిల్లుపెట్టి, నెత్తిమీద 318 అని గుద్దారు. పొద్దున్నే పనిలోకొచ్చేవాళ్లు నన్ను టైమాఫీసు కిటికీ పక్క మేకుకు తగిలించాలి, దిగిపోతూ తీసుకెళ్లాలి. మొదట గవరయ్య మొలతాడుకు వేలాడాను. నార దుమ్ముకు ఊపిరి ఆడక ఆయన పోతే, ఆ పని కోడలు తవిటమ్మకిచ్చారు. మనిషిని మింగి, బిళ్లని మాత్రం తోమి చేతిలో పెట్టారు.

కీడెంచి మేలెంచమంటారు. నాకు కీడెంచడమే వచ్చు. ముప్పైరెండు మంది ఎక్కువయ్యారు, తీసేస్తామని గేటుకి కాగితం అంటించినప్పుడే అనుకున్నాను, ఈ పిల్లకి మూడిందని.

కూలీల వకీలు ఒకటే చెప్పాడు. "స్టే అడిగాం. తియ్యబోతుంటే కోర్టు ఆపుతుంది గానీ, తీసేశాక ఆపడానికి ఏముంటుంది? ఆర్డరొచ్చేదాకా బిళ్ల వదలకండి. వాళ్ల చేతికిస్తే మీరే మానేశారని రాసేసుకుంటారు."

మూడ్రోజులు అందరూ గేటు బయటే కూర్చున్నారు. తవిటమ్మ పిడికిట్లో నేను చెమటకి నానిపోయాను. నాలుగోనాడు పొద్దున్న టైమ్‌కీపరు కామరాజు నవ్వుతూ వచ్చాడు.

"ఏమ్మా తవిటమ్మా, నీ మగ్గం ఎవరికీ లొంగట్లేదు. నిన్ను తియ్యట్లేదులే, పన్లోకి రా."

"ఎల్లకే! ఆడి నవ్వు నమ్మకే!" పక్కనున్న రాజేలు కొంగు పట్టుకు లాగింది.

అయినా తవిటమ్మ వెళ్లింది. మిల్లు కూత మోగింది. పంతొమ్మిదేళ్ల అలవాటు, చెయ్యి దానంతటదే మేకు మీదికి పోయింది. నా ఊగుడు ఆగకముందే కామరాజు నన్ను లాగి సొరుగులో పడేశాడు. "స్వయంగా అప్పజెప్పినది" అని రిజిస్టర్లో రాశాడు. వాచ్‌మన్ తవిటమ్మని భుజం పట్టి బయటికి నెట్టాడు.

మధ్యాహ్నం స్టే వచ్చింది. పనిలో ఉన్నవాళ్లని తియ్యకూడదట. బిళ్ల చేతిలో ఉన్న ముప్పైఒక్కమంది లోపలికెళ్లారు.

ఇప్పుడు సాక్ష్యంగా కోర్టులో కవర్లో ఉన్నాను.

"బిళ్ల నువ్వే ఇచ్చావా?" అన్నారు జడ్జిగారు.

"నా సేత్తోనే తగిలించాను బాబూ."

"ఒప్పుకుంది, రాసుకోండి!" ఎగిరాడు మిల్లు వకీలు.

"పనికెల్తన్నానని తగిలించాను బాబూ!"

రెండో మాటా రాయమన్నారు జడ్జిగారు. రాశారు. నెల వాయిదా వేశారు.

వెళ్లబోతూ తవిటమ్మ నా కవరు వైపు చూసింది, పామును చూసినట్టు. నిజమే మరి. ఆ చేతికి అంత మాలిమి కాకపోతే కరవగలిగేదాన్నా?