చూడని ఇల్లు

ధరణికి అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. చెల్లెలు మహిత ఎక్కడో పరాయి ఊళ్లో, ఒక్క మనిషికి కూడా చెప్పుకోలేక చచ్చిపోతుందేమోనని. ఒళ్లో బిడ్డకు పాలిస్తున్నా, పొయ్యి మీద సంగటి కెలుకుతున్నా ఆ భయం ఆమెను వదలదు.

అమ్మా నాయనా ఒకే ఏడు పోయారు. అప్పుడు ధరణికి పదిహేను, మహితకు పదకొండు. ధరణి బడి ఆ ఏడే ఆగిపోయింది. తర్వాత వడమాలపేట చెంగల్రాయుడు ఆమెను చేసుకుంటూ, "సెల్లెల్ని కూడా తోడుకొని రా మే, ఇద్దురూ ఒక సోటే ఉండండి" అన్నాడు. ఆ ఒక్క మాటకే ఆమె అతన్ని దేవుడనుకుంది.

తొంభై తొమ్మిది వేసవిలో మహితకు రెండు సంబంధాలు వచ్చాయి.

మొదటివాడు యోగానంద. పుత్తూరులో రేడియోలు బాగుచేస్తాడు. నా అన్నవాళ్లు లేరు, ఉండేది అద్దె గది. ధరణి ఇంట్లో రేడియో ఆ ఏడాది నాలుగుసార్లు చెడిపోయింది. నాలుగోసారి తెచ్చిస్తూ అతను అన్నాడు, "అక్కా, దీనికేం రోగం లేదు. బ్యాటరీ కాడ స్ప్రింగు ఎవురో పీకేస్తాండారు."

తలుపు చాటున మహిత కిసుక్కుమంది.

"ఎవురో పట్టుకుంటే సెప్పు, కాళ్లిరగ్గొడతా" అంది ధరణి, తనూ నవ్వు ఆపుకుంటూ.

వెళ్లబోతూ అతను తల వంచుకుని అడిగాడు, మహితను తనకిస్తారా అని.

ధరణికి మనసొప్పలేదు. అతను పోయాక చెల్లెలితో అంది, "దిక్కులేనోళ్లం మనం. మళ్లీ దిక్కులేనోడికే ఎట్లిచ్చేది పాపా? నీకు ఒక అమ్మ కావాల."

"అమ్మవి నువ్వుండావు గదక్కా."

"నేను యాడ అమ్మను? గడ్డ కట్టకుండా సంగటి కెలికేది గూడా రాదు నాకు."

రెండోది తడ సంబంధం. పిల్లవాడు రూపేష్, హైవే పక్కన టైర్ల అంగట్లో పని. చూడ్డానికి వచ్చిన రోజున వాళ్లమ్మ శకుంతలమ్మ మహితను ముందు కూర్చోబెట్టుకుని, జడ విప్పి, తనే నూనె రాసింది. "తల్లి లేని తల ఎట్లుండాదో సూడు. నా కూతురు మాదిరి పెట్టుకుంటా" అంది. ధరణి వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పిల్లవాడి ముఖం ఆమె సరిగ్గా చూడనేలేదు. అత్తనే చూసింది.

ఇక ఇల్లు చూసి రావాలి. పిల్ల తరఫు మనిషి ఆ ఇంటికి వెళ్లి, పొయ్యి చూసి, నీళ్లు చూసి, ఇరుగుపొరుగును విచారించి వస్తే తప్ప మాట ఖాయం కాదు. ధరణే వెళ్దామనుకుంది. ఆ వారమే బిడ్డకు అమ్మవారు పోసింది. ఆ పొక్కుల బిడ్డ పక్కన వేపమండలు పెట్టుకుని ఆమె కదల్లేకపోయింది. చెంగల్రాయుడు వెళ్లి, పొద్దుగూకే లోపల తిరిగొచ్చాడు.

"ఇల్లు సూసినావా?"

"సూసినా. బాగుండాది మే."

"నీళ్లు?"

"వాకిట్లోనే బోరింగు."

కొండ మీద పెళ్లయింది. అలిపిరి దగ్గర తడ వాళ్ల వ్యాను ఎక్కుతూ మహిత అక్క చెవిలో, "ఆ రేడియోను పుత్తూరాయనకే ఇచ్చేయక్కా. స్ప్రింగు నా కాడే ఉండాది" అంది. నవ్వుతూనే అంది.

ఆషాఢానికి వాళ్లు పిల్లను పంపలేదు. కార్డులు నాలుగు వచ్చాయి. నాలుగింట్లోనూ ఒకటే మాట: నేను బాగున్నాను. చిరునామా మాత్రం బస్టాండు ఎదుట టిఫిన్ అంగడిది. దీపావళి తర్వాత ఆ కార్డు కూడా లేదు.

"ఒక్కసారి పోయి సూసి రా" అని ధరణి మొగుణ్ణి పోరు పెట్టింది.

"పోతే మాత్రం, ఇల్లు యాడుందో నాకేం తెలుసు?" అని విసుక్కున్నాడు చెంగల్రాయుడు.

సంగటి తెడ్డు ఆగింది. "నువ్వు సూసొచ్చినావు గదా!"

అతను నేల చూపులు చూశాడు. "టిఫిన్ అంగట్లో విచారిస్తాంటే శకుంతలమ్మే ఎదురొచ్చింది. బిడ్డకు అమ్మవారని నోరు జారినా. అమ్మవారుండే ఇంటినుంచి వచ్చి మా గడప తొక్కగూడదు నాయనా అని, ఆడనే ఇడ్లీ పెట్టించి బస్సెక్కించింది. బోరింగు ఉండాదని ఆమె సెప్పిందే నీకు సెప్పినా. సూడలేదంటే నువ్వు ఏడస్తావని…"

అతన్ని ఏమని తిట్టడం? పిల్లవాడి ముఖం తను మాత్రం సరిగ్గా చూసిందా?

మర్నాడే బిడ్డను చంకనేసుకుని, సత్యవేడు మీదుగా తడకు పోయింది. టిఫిన్ అంగడి గోవిందస్వామి ఇడ్లీ పళ్లెం తుడుస్తూ చెప్పాడు. "వాళ్లా? వెనక ఒంటిగదిలో బాడుగకుండిరి. కాలీ చేసి అరవోళ్ల పక్క పోయినారు. ఆ పాప దినామూ నా కొళాయికే వచ్చేది నీళ్లకు. నిండా సిక్కిపోయి ఉండె."

"నవ్వేదా అన్నా?"

గోవిందస్వామి పళ్లెం పక్కన పెట్టాడు. "నవ్వంగా నేను సూడలేదమ్మా."

మహిత ఇమ్మన్న ఆ రేడియో ఇంకా పుత్తూరులో యోగానంద అలమరాలోనే ఉంది. కొత్త స్ప్రింగు వేయడానికి అతను ఒప్పుకోడు.

మీలో ఎవరైనా తడ దాటి ఆరంబాక్కం వైపో, గుమ్మిడిపూండి వైపో పోతే, కుడి కనుబొమ్మ మీద చిన్న గాటున్న తెలుగు పిల్ల నీళ్ల బిందెతో కనబడితే, కాస్త ఆగండి. పేరు మహిత. బాగున్నావా అని అడగొద్దు, బాగున్నాననే అంటుంది. దాహంగా ఉందని చెప్పి ఆమె వెంట లోపలికి పోండి. పొయ్యి చూడండి, నీళ్లు చూడండి. ధరణి తరఫున ఒక్కసారి ఆ ఇల్లు చూసి రండి.