తొమ్మిది మంది కొన్న హార్డ్ డిస్క్

హార్డ్ డిస్క్ కొనడానికి సారయ్య ఇంటి నుంచి తొమ్మిది మంది వచ్చారు.

హన్మకొండ చౌరస్తాలో కంప్యూటర్ షాపు ముందు నిలబడిన ఆఫ్రీన్, నర్సంపేట నుంచి వచ్చిన ఆటోలోంచి ఒక్కొక్కరే దిగుతుంటే లెక్కపెట్టింది. సారయ్య కూతురు, పెళ్లికూతురు రమ లేదు. ఆమె తప్ప అందరూ ఉన్నారు.

వరంగల్‌లో పెళ్లి వీడియోలకు ఒక రివాజు ఉంది. వీడియో తీసేది ఒకరు, ఎడిటింగ్ చేసేది ఒకరు, హార్డ్ డిస్క్ మాత్రం పెళ్లివారే కొనివ్వాలి. పనయ్యాక అది వాళ్ల బీరువాలోకే పోతుంది. బీరువాలోకి పోయే వస్తువును పట్టుచీరలాగే పదిమందీ చూసి కొనాలనుకోవడంలో తప్పు పట్టడానికేం లేదు.

ఆఫ్రీన్‌కు మాత్రం టైము లేదు. సోమవారం పెళ్లయింది, ఇవాళ మంగళవారం. ఆదివారం సాయంత్రం రిసెప్షన్‌లో పెద్ద తెర మీద ఆమె చేసిన సినిమా పడాలి. నాలుగేళ్లుగా రాకేష్ స్టూడియోలో ఎడిటింగ్ చేసింది. ప్రతి వీడియో చివరా రాకేష్ పేరే పడింది. సొంత పేరుతో ఒప్పుకున్న మొదటి పని ఇదే. ఆదివారం తెర మీద ఆమె పేరు పడితే ఎనిమిది వందల మంది చూస్తారు. పడకపోతే మళ్లీ రాకేష్ దగ్గరికే. "కుర్చీ ఖాళీగనే ఉంచుత చెల్లె, ఫికర్ చెయ్యకు," అని అతను నవ్వుతూనే సాగనంపాడు.

షాపాయన కౌంటర్ మీద రెండు పెట్టాడు. ఒకటి అగ్గిపెట్టెకు కాస్త పెద్దది, రెండు టీబీల ఎస్‌ఎస్‌డీ. ఇంకొకటి ఇటుకంత ఉంది, ఎనిమిది టీబీలు. దానికి సొంతంగా ఒక కరెంటు వైరు కూడా ఉంది.

రమ తల్లి యాకమ్మ రెంటినీ రెండు అరచేతుల్లో పెట్టుకుని తూచింది.

"గిది ఖాళీ డబ్బ లెక్కున్నది బిడ్డా. లోపట ఏమన్న ఉన్నదా, లేదా?"

"దాంట్ల తిరిగేదేం ఉండదు పెద్దమ్మా. అందుకే స్పీడు. ఎడిటింగ్‌కు అదే మంచిది."

యాకమ్మ తమ్ముడు రాంప్రసాద్ ముందుకొచ్చాడు. అతనికి నర్సంపేటలో జిరాక్స్ సెంటర్ ఉంది. అందువల్ల కంప్యూటర్ల విషయంలో ఆ ఇంటికి అతని మాటే చివరి మాట.

"రెండిటికి రేటొక్కటే అంటాండు. రెండు ఎక్కువనా, ఎనిమిది ఎక్కువనా? దీనికి లెక్కల సార్ను పిలిపియ్యాల్నా?"

"దాచిపెట్టుకునేటందుకైతే ఎనిమిదే మంచిదన్నా. కని పని చేసేటప్పుడు దాని లోపట పళ్లెం తిరుగుతది. కదిలితే ఆగమైతది."

"ఎందుకు కదుల్తది? టేబుల్ మీద పెడ్తవ్. నీ టేబులేమన్న బస్సెక్కి పోతదా?"

తొమ్మిది మందీ నవ్వారు. షాపాయన కూడా నవ్వాడు.

ఆఫ్రీన్ దగ్గర జవాబుంది, చెప్పడానికే లేదు. కొత్తవాడలో వాళ్ల ఇంటి కింది గదిలో మామ ఖాజా పాషా జంపఖానాలు నేస్తాడు. పంజా అనే బరువైన ఇనుప దువ్వెనతో పోగుల మీద దెబ్బ వేసినప్పుడల్లా మగ్గం అదురుతుంది. మగ్గం నిలువు గుంజలు పైకప్పు దూలానికి బిగించి ఉన్నాయి కాబట్టి మీది గది కూడా అదురుతుంది. ఆ గదిలోనే ఆమె కంప్యూటర్. పళ్లెం తిరిగే డిస్కులు ఇప్పటికి రెండు ఆ టేబుల్ మీదే ప్రాణాలు విడిచాయి. ఈ ముక్క నోరు జారితే సారయ్య కుటుంబం ఇటు నుంచి ఇటే రాకేష్ స్టూడియోకు పోతుంది.

"జర ఆలోచించుండ్రి పెద్దమ్మా," అంది.

"ఆలోచించినమే. బరువున్నది గట్టిగుంటది. రేపు మనుమలు, మనుమరాండ్లయితే వాళ్ల పెండ్లిండ్లు గూడ దీంట్లనే పడ్తయి."

ఇటుక గెలిచింది.

ఆ సాయంత్రం ఆఫ్రీన్ భర్త, పెళ్లి వీడియో తీసిన షాహిద్ నాలుగు కెమెరాల కార్డులూ అందులోకి ఎక్కించాడు. బుధవారం పొద్దున్నే అతను పరకాలలో ఇంకో పెళ్లికి పోవాలి, కార్డులు ఖాళీ కావాలి. కంప్యూటర్‌లో అప్పటికే మూడు పెళ్లిళ్లు కిక్కిరిసి ఉన్నాయి, నాలుగో దానికి చోటు లేదు.

"తుడిచేస్తాన మరి," అన్నాడు షాహిద్, కార్డు చేతిలో పట్టుకుని.

"తుడిచెయ్. ఇగ ఉన్నది ఒక్కటే కాపీ."

"గట్లనకు. నాకు భయమైతాంది."

"నువ్వు పరకాలకు పోతానవ్. భయపడాల్సింది నేను."

రమ పెళ్లి మొత్తం ఇప్పుడు ఆ ఇటుకలో ఉంది. ఇంకెక్కడా లేదు.

బుధవారం పది గంటలకు కింద మొదటి పంజా దెబ్బ పడింది. తెర మీద తలంబ్రాలు పోస్తున్న రమ చేయి గాల్లోనే ఆగిపోయింది. రెండో దెబ్బకు డిస్కు లోపల టిక్కుమంది. ఐదో దెబ్బకు డిస్కే కనిపించడం లేదని కంప్యూటర్ చెప్పింది. ఆఫ్రీన్ వైరు పీకేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ పెట్టింది. పెళ్లి తిరిగి వచ్చింది.

ఆమె కిందికి పరుగెత్తింది.

"మామా, నాలుగు రోజులు మగ్గం ఆపుతరా?"

ఖాజా పాషా పంజా దింపాడు. కోడలంటే అతనికి ప్రేమే. కానీ ఆర్డరంటే మాట.

"ఎట్ల ఆపుత బేటీ? ఫంక్షన్ హాలాయనకు ఆదివారం పొద్దున ఇస్తనన్న. రాత్రి గూడ నేస్తే గని కాదు. నువ్వే ఇంకో కాడికి పో రాదు?"

కొత్తవాడలో మగ్గం చప్పుడు లేని ఇల్లు దొరకడం, బడి గంట కొట్టాక చప్పుడు లేని పిల్లలు దొరకడం ఒకటే. ఆఫ్రీన్ డిస్కు కింద మెత్త పెట్టింది. మెత్త కింద నాలుగు మడతల జంపఖానా పెట్టింది. దాంతో డిస్కు ఒంటె మీద ఎక్కినట్టు ఇంకా ఎక్కువ ఊగింది. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. మామ నమాజుకు మసీదుకు పోయినప్పుడు, అన్నం తినేటప్పుడు, చాయ్ తాగేటప్పుడు ఆమె పని చేసుకోవచ్చు. ఆయన లేవగానే అత్త మహబూబ్‌బీ మెట్ల దగ్గర నిలబడి "లేచిండు" అని కేకేస్తుంది. రాగానే "కూసుంటాండు" అంటుంది. ఆ కేక విని వైరు పీకాలి.

ఆఫ్రీన్ జీవితంలో మామ గారి చాయ్ ఇంత ముఖ్యం అవుతుందని ఎన్నడూ అనుకోలేదు. రోజుకు ఆరు చాయ్‌లు పోయించింది. ఏడోది పోయబోతే మహబూబ్‌బీ గిన్నె లాక్కుంది. "ఆయనకు షుగరున్నది. నీ వీడియో కోసం ఆయనను దవాఖానల పడేస్తవా?"

శుక్రవారం సాయంత్రానికి నాలుగు నిమిషాల సినిమాలో తయారైంది నిమిషం పది సెకన్లు.

శనివారం పొద్దున ఎనిమిదిన్నరకు గేటు చప్పుడైంది. కరెక్షన్లు చూసుకోవడానికి ఒకరిని పంపమని ఆఫ్రీన్ ఎప్పుడో చెప్పింది. ఆటోలోంచి మొదట రాంప్రసాద్ దిగాడు. తర్వాత యాకమ్మ దిగింది. తర్వాత దిగడం ఆగలేదు.

ఎడిటర్లకు ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. పెళ్లివారు వెనక కూర్చుని, ఇక్కడ మా తోడికోడలు ఏది, అక్కడ మా బావ సగమే పడ్డాడేంటి అంటుంటే ఒక నిమిషం వీడియోకు ఒక పూట పడుతుంది. ఆఫ్రీన్‌కు పని అక్కడే అయిపోయిందనిపించింది. మీది గదిలో తొమ్మిది మందినీ కూర్చోబెట్టి, కంప్యూటర్ ముందు కూలబడి, దెబ్బ కోసం ఎదురుచూసింది. దెబ్బ పడగానే డిస్కు టిక్కుమంటుంది, అందరికీ సంగతి తెలిసిపోతుంది.

ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. దెబ్బ పడలేదు.

ఖాజా పాషా తెల్ల కుర్తా వేసుకుని, టోపీ సర్దుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. గడప దగ్గర కుర్చీ వేసుకున్నాడు. "అచ్ఛా, నర్సంపేట నుంచి వచ్చిండ్రా? ఈసారి పత్తి ఎట్లున్నది?"

"కింద మగ్గం చూసిన పాషాభాయ్," అన్నాడు రాంప్రసాద్. "పనాపుకున్నరా ఏంది మాకోసం?"

"ఇంటికి చుట్టాలొస్తే ఎవలన్న నేస్తరానయ్యా? తప్పు. మీరు పోయేదాక మగ్గం ముట్ట."

మూడు రోజులు బతిమాలితే ఆగని మగ్గం, ఒక్క మాట అడగకుండానే ఆగింది. వీళ్లు పోయేదాకా ఆగే ఉంటుంది. అంటే వీళ్లు పోకూడదు.

ఆమె వెనక్కి తిరిగి, నాలుగేళ్లలో ఏ ఎడిటరూ అనగా వినని మాట అంది.

"పెద్దమ్మా, ఏమేం మార్చాల్నో నిమ్మళంగ చెప్పుండ్రి. ఎంతసేపైనా సరే."

వాళ్లు చెప్పారు. ఒడిబియ్యం పూర్తిగా ఉండాలన్నారు. ఎదుర్కోలులో ఇంకో రెండు వరసల చుట్టాలను పెట్టమన్నారు. రాంప్రసాద్ తను పల్లకీ మోసిన చోట వేగం తగ్గించమన్నాడు. ఖాజా పాషా కూడా గడప దగ్గర్నుంచి, "ఆ పచ్చ చీరామె నవ్వు మంచిగున్నది, ఎందుకు తీసేస్తానవ్ బేటీ," అన్నాడు. ఆ ఇటుక తన పళ్లెం తిప్పుకుంటూ నిదానంగా, ఒక్క టిక్కు లేకుండా అడిగిందల్లా ఇచ్చింది. పన్నెండు గంటలకు సినిమా ముప్పై ఎనిమిది నిమిషాలైంది.

"ఇగ మంచిగున్నది. పోదాం పారి," అని యాకమ్మ లేచింది.

ఆఫ్రీన్ గడియారం చూసింది. మొత్తాన్ని ఒకే ఫైలుగా తయారుచేయడానికి కంప్యూటర్‌కు రెండు గంటలు పడుతుంది. మధ్యలో ఒక్క పంజా దెబ్బ పడితే మళ్లీ మొదటికి.

"పెద్దమ్మా," అంది మెల్లగా, "మీ ఆడబిడ్డ ఒక్క కాడ గూడ పడలేదు గదా."

మూలన కూర్చున్న ఆడబిడ్డ యాకమ్మ వైపు చూసింది. "నేను చెప్పొద్దనే ఊకున్న వదినా. ఎడిటింగ్ పోరి చూసింది, నువ్వు చూడలే."

యాకమ్మ మళ్లీ కూర్చుంది. ఆడబిడ్డను మూడు చోట్ల చేర్చేసరికి మరదలు అలిగింది. మరదలును చేర్చేసరికి మహబూబ్‌బీ, ఎవరి మీద ఏ అనుమానమూ లేకుండా, బగారన్నం గంజు దింపింది. తినకుండా ఎవరూ కదలొద్దంది. వాళ్లు తింటుండగా ఆఫ్రీన్ ఫైలు తయారీ మొదలుపెట్టి, ఒక్కొక్కరికీ రెండోసారి, మూడోసారి వడ్డించింది. మూడున్నరకు ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి దిగింది. నాలుగుకు ఆటో కదిలింది. నాలుగూ ఐదుకు కింద పంజా దెబ్బ పడింది. ఆఫ్రీన్ వైరు పీకి, డిస్కును జంపఖానాలో చుట్టి, గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

జంపఖానా ఆదివారానికి కాలేదు. "ఇంటికి చుట్టాలొచ్చిండ్రు," అని ఖాజా పాషా ఫోన్‌లో చెబితే ఫంక్షన్ హాలాయన, "అయితే సోమవారం తెండ్రి," అన్నాడు.

రిసెప్షన్‌లో నలభై ఒక్క నిమిషాల సినిమా పడింది. భోజనాల బంతి ఖాళీగా ఉండిపోయింది. తమ మొహం వచ్చేదాకా ఎవరూ కదల్లేదు, వచ్చాక ఇంకోసారి వస్తుందేమోనని కదల్లేదు. చివర ఆఫ్రీన్ పేరు పడింది. చప్పట్లు కొట్టినవాళ్లలో రాకేష్ కూడా ఉన్నాడు.

"నాలుగు నిమిషాల పని నలభైకి సాగదీసినవ్," అన్నాడు దగ్గరికొచ్చి. "నా కాడ నేర్చింది ఇదేనా?"

ఆమె జవాబు చెప్పేలోపే ధర్మసాగర్ నుంచి వచ్చిన ఒక పెద్దామె చేయి పట్టుకుంది.

"మా పోరని పెండ్లి నెలాఖరుకున్నది. యాకమ్మ చెప్పింది, పొద్దున పోతే సాయంత్రం దాక కూసోవెట్టుకుంటదట, అన్నం గూడ పెడ్తదట, మొకం ముడువదట. మీ రాకేష్ కాడ పావుగంట కూసుంటే లేవమంటాండు. మేం గూడ అందరం వస్తం బిడ్డా. ఎన్నడు రమ్మంటవ్?"

రాకేష్ వింటున్నాడు. హార్డ్ డిస్క్ ఏది కొనాలో చెప్పాలని ఆఫ్రీన్ నోరు తెరిచి, మానుకుంది.

"మా మామను అడిగి చెప్త పెద్దమ్మా," అంది. "ఆయనకు మగ్గం మీద ఆర్డర్ ఉన్న రోజే రాండ్రి."