పదిహేను వేల జీతగాడు

తిరుపతి ఫ్యామిలీ కోర్టు ఆవరణలోకి దేవరాజులు మోపెడ్ మీద రావడం చూసి పంకజాక్షికి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. ముప్పై ఒక్క ఏళ్ల కాపురంలో ఆయన మోపెడ్ నడపగా ఆమె చూడలేదు. ఆ బండి ఆయన ఆఫీసు గుమాస్తాది. ఒంటి మీది నీలం గళ్ల చొక్కాను మాత్రం ఆమె బాగా ఎరుగును. కాలరు చిరిగిందని, పొయ్యి తుడవడానికి తప్ప పనికిరాదని రెండేళ్ల కిందట గుడ్డల మూటలో పడేసింది తనే. ఆ మూట విప్పి, వెతికి, ఇస్త్రీ చేయించుకుని మరీ వేసుకొచ్చాడు. ఆయన కారు రెండు వీధుల అవతల నీడలో ఆగి ఉండటం, అందులో డ్రైవరు నోరు తెరుచుకుని నిద్రపోవడం ఆటోలో వస్తూ ఆమె చూసింది.

"సూడమ్మా, మా ఆయన ఎంత పేదోడైపోయినాడో," అంది తన లాయరు లోకేశ్వరితో.

లోకేశ్వరిది చిత్తూరు. ముప్పై ఏళ్లుంటాయి. "నవ్వకండమ్మా, జడ్జిగారు పిలుస్తారు," అని తనే నవ్వు ఆపుకుంది.

రేణిగుంటలో దేవరాజులుకు లారీల ట్రాన్స్‌పోర్ట్ ఉండేది. పెళ్లయిన కొత్తలో ఒకటే పాత లారీ, దాన్ని నడిపేది ఆయనే. అది తొమ్మిది లారీలయ్యేదాకా ఆఫీసులో కూర్చున్నది పంకజాక్షి. తడ దగ్గర బండి ఆగిపోతే ఫోన్లోనే అరవంలో మాట్లాడి మెకానిక్కును పంపేది. బాడుగ ఎగ్గొట్టిన వ్యాపారి గుమ్మం ముందు నిలబడి, వీధంతా వినబడేలా అడిగి వసూలు చేసేది. డ్రైవర్లను ఏరా పోరా అని తిట్టేది, వాళ్ల ఇళ్లలో జబ్బు చేస్తే తనే ఆస్పత్రికి పరుగెత్తేది. ఇంతా చేస్తే జీతమంటూ ఒక్క రూపాయి చేతికి రాలేదు. ఇంటి మనిషికి జీతమేందని దేవరాజులు నవ్వేవాడు. ఆమె కూడా నవ్వేది.

అరవయ్యో ఏట ఆయన లారీ ఓనర్ల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. శాలువాలు, ఫొటోలు, పెద్ద హోటళ్లలో విందులు మొదలయ్యాయి. అలాంటి ఒక విందులో పంకజాక్షి ఒక సిమెంటు డీలరును గుర్తుపట్టి, "ఏమప్పా, మా బాడుగ ఇంకా ఇయ్యలేదే నువ్వు," అని పదిమంది ముందు అడిగేసింది. డీలరు నవ్వి, మర్నాడే పంపించాడు. దేవరాజులు మాత్రం ఆ పూట నుంచి ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఆరు నెలలకు విడాకుల నోటీసు వచ్చింది. భార్య మొరటు మనిషి, నలుగురిలోకి తీసుకుపోవడానికి వీల్లేకుండా మాట్లాడుతుంది, ఇది క్రూరత్వం అని అందులో రాయించాడు. చల్లారిన సంగటి పెట్టేదని కూడా ఉంది.

ఆ నోటీసు చదివిన రోజే ఆమె గుడ్డలు సర్దుకుని శ్రీకాళహస్తిలో అక్క చంద్రకాంతమ్మ ఇంటికి వెళ్లిపోయింది. కేసు తేలేదాకా నెలనెలా భరణం, కోర్టు ఖర్చులు ఇప్పించమని లోకేశ్వరి దరఖాస్తు వేసింది. అలా వేసినప్పుడు ఇద్దరూ తమ ఆస్తిపాస్తులు ప్రమాణం చేసి కాగితం మీద చెప్పాలి. ఇవాళ ఆ వాయిదానే.

దేవరాజులు తరఫున చెన్నై నుంచి వచ్చిన లాయరు బాలసుబ్రమణ్యం లేచి, తన మనిషి కష్టాలు జాలిగా చదివాడు. వ్యాపారం దెబ్బతిని లారీలన్నీ తమ్ముడి కొడుకు ప్రతాప్‌కు అమ్మేశాడట. ఇప్పుడు ఆ కుర్రవాడి దగ్గరే నెలకు పదిహేను వేలకు పనిచేస్తున్నాడట. బీపీ, షుగరు. భార్యకు వ్యాపారానుభవం ఉంది కాబట్టి తన తిండి తను సంపాదించుకోగలదు.

తన అనుభవాన్ని ఒకరు ఒప్పుకోవడం పంకజాక్షి వినడం అదే మొదటిసారి. దేవరాజులు తల వంచుకుని, చినిగిన కాలరు జడ్జిగారికి కనబడేలా కూర్చున్నాడు. ఈ మనిషి అడుగుల చప్పుడు వింటే టీవీ కట్టేసి లేచి నిలబడేదాన్నా అనుకుంది ఆమె.

లోకేశ్వరి పంకజాక్షి ఫోనుకు వచ్చిన టోలు మెసేజుల ప్రింట్లు అందించింది. లారీ టోల్‌గేట్ దాటిన ప్రతిసారీ ఫాస్టాగ్ ఖాతాలోంచి డబ్బు పోతుంది, ఫోనుకు మెసేజ్ వస్తుంది. ఆఫీసు నడిపినది పంకజాక్షి కాబట్టి అవన్నీ ఆమె నంబరు మీదే ఉన్నాయి. లారీల కాగితాలు హడావిడిగా ప్రతాప్ పేరన మార్చిన దేవరాజులుకు ఈ సంగతే తట్టలేదు. ఎందుకంటే ఆ పని ఏనాడూ ఆయన చేసి ఎరగడు. ఆమె అక్క ఇంట్లో పప్పు రుబ్బుతుంటే ఫోను మోగుతూనే ఉండేది. లారీలు అమ్మాక కూడా డబ్బు పోయే ఖాతా దేవరాజులుదే.

జడ్జిగారు కళ్లజోడు సర్దుకున్నారు. "అమ్మేసిన లారీలకు మీరెందుకు టోలు కడుతున్నారు?"

"మా పిల్లోడే గదా మేడమ్. ఏదో సాయంగా..."

"పదిహేను వేల జీతంలో నెలకు లక్షా నలభై వేల సాయమా?"

దేవరాజులు లాయరు వైపు చూశాడు. లాయరు ఫైలు వైపు చూశాడు.

పంకజాక్షి లేచింది. "నాదొక మాట మేడమ్. చెన్నై నుంచి లాయరుగారు కారేసుకోని వస్తా ఉండారు. వాయిదాకు మా ఆయన ఎంత ఇస్తా ఉండాడో అడగండి. ఆ జీతంలో యాడ నుంచి ఇస్తా ఉండాడో కూడా అడగండి."

ఫీజు సంగతి తనకూ తన కక్షిదారుకూ మధ్య విషయమని బాలసుబ్రమణ్యం అభ్యంతరం చెప్పాడు. జడ్జిగారు రెట్టించలేదు. కానీ ఏదో రాసుకున్నారు. రెండు వారాలకు ఉత్తర్వు వచ్చింది: కేసు తేలేదాకా నెలకు నలభై వేలు, కోర్టు ఖర్చులకు డెబ్బై అయిదు వేలు.

ఆ వారంలోనే దేవరాజులు శ్రీకాళహస్తికి వచ్చాడు. ఈసారి కారు వాకిట్లోనే ఆగింది. చొక్కా తెల్లగా ఉంది. చేతిలో స్వీటు డబ్బా.

"వదినా, బాగుండావా?" అని చంద్రకాంతమ్మను పలకరించి, కాఫీ తాగి మొదలుపెట్టాడు. "పంకజా, అయ్యిందేదో అయిపోయింది. కేసు వాపసు తీసుకుంటా. ఇంటికొచ్చెయ్."

ఆమె లోపల ఏదో కదిలింది. ముప్పై ఒక్క ఏళ్లు ఊరికే పోవు. ఆయన అక్కడితో ఆగి ఉంటే ఏమయ్యేదో ఆమెకే తెలియదు. కానీ ఆయన ఆగే మనిషి కాదు.

"నెలకు నలభై వేలు దండగ గదా. ఇంట్లో ఉంటే నీకయ్యేది తిండి ఖర్చే."

భర్తను ఏనాడూ మీరు అని తప్ప పిలవని పంకజాక్షి నోట మాట మారింది.

"నీకు పెండ్లాం వద్దయ్యా. సవకగా దొరికే మనిషి కావాల. నువ్వడిగిన విడాకులే ఇస్తా, తీసుకో. అరవై లక్షలియ్యి. నీ లాయరుకు ఎంత పెట్టినావో, నా లాయరుకూ అంతే ఇయ్యి."

ఆయన అరవై లక్షల గురించి నీరసంగా బేరమాడాడు, నలభై అయిదుకు దిగింది. లాయరు ఫీజు దగ్గర మాత్రం కుర్చీలోంచి లేచాడు. "ఆ పిల్లకు అంతనా? నిన్న మొన్న బోర్డు కట్టిన పిల్లకు?"

"అంత అంటే ఎంత?"

"మూడు లక్షల ఇరవై."

"నన్ను వదిలించుకునేదానికి అంత! నాకు కూడు పెట్టమంటే మాత్రం జీతగాడివి." స్వీటు డబ్బా ఆయన చేతిలో పెట్టింది. "బయల్దేరు."

నెలనెలా పోయే నలభై వేలు తలుచుకుని దేవరాజులు ఒప్పుకున్నాడు. డబ్బు సర్దడానికి నాలుగు లారీలు అమ్మాలని ప్రతాప్‌ను కాగితాలు అడిగాడు. ప్రతాప్ సౌమ్యంగా చెప్పాడు: "అవి నావి గదా పెదనాయనా. నాకు అమ్మినట్టు కోర్టులో నువ్వే ప్రమాణం చేస్తివే." కావాలంటే ఆఫీసులో కూర్చోమని, నెలకు ఏదో ఒకటి ఇస్తానని కూడా అన్నాడు. చివరికి దేవరాజులు తిరుచానూరు దారిలోని స్థలం అమ్మి, పరస్పర అంగీకారంతో విడాకుల కాగితాల మీద సంతకం పెట్టాడు.

ఆఖరి రోజున చెక్కులు అందాక, కోర్టు మెట్ల మీద లోకేశ్వరి అడిగింది: "బాధగా ఉందా అమ్మా?"

పంకజాక్షి చెక్కులు మడిచి సంచిలో పెట్టుకుంది.

"బాధ ఏం లేదు. ఇంత అల్పుణ్ణి సూసి ముప్పై ఏండ్లు భయపడినాను సూడు, దానికి సిగ్గుగా ఉండాది," అని కొంగు బిగించుకుని, బస్టాండుకు ఆటోను కేకేసింది.